బోర్డు మీద ఎందుకు నడవదు?

ప్రశ్న: మేడమ్, నేను ఈసీఈ ఫైనలియర్. ప్రాజెక్టుకి బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న లినక్స్ బోర్డు తీసుకున్నాం. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంది. ఆర్మ్ క్రాస్ కంపైలర్ (ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న బోర్డు కోసం ల్యాప్‌టాప్‌లోనే ప్రోగ్రామ్ కట్టే కంపైలర్) ఇన్‌స్టాల్ చేసి, ఒకే ఒక్క ప్రింట్‌ఎఫ్ ఉన్న ప్రోగ్రామ్ కంపైల్ చేశాను. ఒక్క వార్నింగ్ కూడా రాలేదు. బోర్డులోకి కాపీ చేసి రన్ చేస్తే ‘జీలిబ్‌సీ 2.34 వెర్షన్ దొరకలేదు’ అంటోంది. బోర్డులో ఉన్నది డెబియన్ 11. ఒక్క ప్రింట్‌ఎఫ్‌కి 2.34 ఎందుకు? మా గైడ్ గారేమో ‘ఆ గొడవంతా ఎందుకు, బోర్డు మీదే కంపైల్ చేసెయ్’ అంటున్నారు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: టెన్షన్ పక్కన పెట్టండి. మీ కంపైలర్ తప్పేమీ చేయలేదు. ప్రింట్‌ఎఫ్ కూడా పాపం ఏమీ ఎరగదు.

క్రాస్ కంపైలర్ ప్యాకేజీ వేసుకున్నప్పుడు జీసీసీ కంపైలర్ ఒక్కటే రాదు. ఆర్మ్ కోసం తయారుచేసిన సీ లైబ్రరీ (అదే జీలిబ్‌సీ), దాని హెడర్లు, మెయిన్ కన్నా ముందు నడిచే చిన్న స్టార్టప్ ఫైళ్లు కూడా దాని వెంటే దిగుతాయి. ఉబుంటు 22.04తో దిగే ఆ లైబ్రరీ వెర్షన్ 2.35. మీ బోర్డులో డెబియన్ 11 పెట్టినది 2.31. అంటే మీరు కొత్త లైబ్రరీతో లింక్ చేసి, పాత లైబ్రరీ ఉన్న చోట నడపమంటున్నారు. పాతదానితో కట్టింది కొత్తదాని మీద మామూలుగా నడిచిపోతుంది. అటుది ఇటు మాత్రం నడుస్తుందన్న హామీ లేదు.

ఇక ఆ 2.34 సంగతి. 2021 ఆగస్టులో వచ్చిన ఆ వెర్షన్‌లో, అప్పటిదాకా విడిగా ఉన్న పీథ్రెడ్ (థ్రెడ్ల) లైబ్రరీని అసలు సీ లైబ్రరీలోనే కలిపేశారు. అప్పుడే, మీ మెయిన్‌ని పిలిచే ‘లిబ్‌సీ స్టార్ట్ మెయిన్’ ఫంక్షన్‌కి 2.34 అని కొత్త ముద్ర పడింది. దాన్ని తాకకుండా మామూలు ప్రోగ్రామ్ ఏదీ మొదలవదు. మీరు ఖాళీ మెయిన్ రాసినా ఇదే ఎర్రర్ వస్తుంది. కావాలంటే క్రాస్ కంపైలర్‌తో పాటు వచ్చిన ఆబ్జ్‌డంప్ అనే టూల్‌కి పెద్ద అక్షరం ‘టీ’ ఆప్షన్ ఇచ్చి మీ ఫైల్ చూపించండి. పుట్స్ పక్కన 2.4 అని ఉంటుంది, స్టార్ట్ మెయిన్ పక్కన 2.34 అని ఉంటుంది. (మీరు రాసింది ప్రింట్‌ఎఫ్ కదా, పుట్స్ ఎక్కడిదంటారా? ఫార్మాట్ ఏమీ లేకుండా న్యూలైన్‌తో ముగిసే ప్రింట్‌ఎఫ్‌ని జీసీసీ తనంతట తానే పుట్స్‌గా మార్చేస్తుంది.) ఎర్రర్ చూసి కంగారుపడే బదులు ఈ జాబితా చూడడం అలవాటు చేసుకుంటే సగం జబ్బులు ఇక్కడే తెలిసిపోతాయి.

మరి మందేమిటి? నేనైతే డాకర్‌లో డెబియన్ 11 కంటైనర్ (ల్యాప్‌టాప్‌లోనే వేరే లినక్స్‌ని విడిగా నడిపే పెట్టె లాంటిది) ఒకటి తెరిచి, అందులో అదే పేరున్న ఆర్మ్ క్రాస్ కంపైలర్ ప్యాకేజీ వేస్తాను. అక్కడ దాని వెంట వచ్చే లైబ్రరీ 2.31 కాబట్టి బోర్డుతో పేచీ ఉండదు. మా టీమ్‌లో ప్రతి ప్రాజెక్టు సోర్స్ కోడ్ పక్కనే దాని డాకర్ ఫైల్ కూడా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లని ‘నీ ల్యాప్‌టాప్‌లో ఏ ఉబుంటు?’ అని అడిగే పనే లేదు.

రివ్యూ రేపే అయితే కంపైల్ చేసేటప్పుడు స్టాటిక్ ఆప్షన్ ఇచ్చేయండి. లైబ్రరీ మొత్తం ఫైల్ లోపలికే వచ్చేస్తుంది. సైజు పెరుగుతుంది, దానికేం. ఒక్క జాగ్రత్త: మీ ప్రోగ్రామ్ సెన్సర్ రీడింగులు ఏదైనా సర్వర్‌కి పంపుతూ, ఆ సర్వర్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చుకుంటుంటే, జీలిబ్‌సీ ఆ పనికి స్టాటిక్‌లో కూడా బోర్డులోని లైబ్రరీలనే వెతుక్కుంటుంది. లింకర్ వార్నింగ్ ఇచ్చి మరీ చెబుతుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి.

మీ గైడ్ గారి మాట తీసిపారేసేది కాదు. ఒక్క ఫైల్ ప్రోగ్రామ్‌కి బోర్డు మీద జీసీసీ హాయిగా సరిపోతుంది. కానీ బీగల్‌బోన్ బ్లాక్‌లో ఉన్నది 512 ఎంబీ ర్యామ్, 1 గిగాహెర్ట్జ్ కోర్‌టెక్స్-ఏ8 కోర్ ఒక్కటే. రేపు ఓపెన్‌సీవీ లాంటి పెద్ద లైబ్రరీ కట్టాల్సి వస్తే, మెమరీ చాలక నడిమధ్యలో కెర్నెలే మీ కంపైలర్‌ని చంపేస్తుంది.

ప్రశ్న: ఒకే బైనరీ (కంపైల్ అయిన ఫైల్) రాస్‌ప్‌బెర్రీ పై 3 మీద చక్కగా నడుస్తోంది. పాత పై జీరో మీద ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోతోంది. రెండిట్లోనూ అదే 32 బిట్ ఓఎస్. ఉబుంటు క్రాస్ కంపైలర్‌కి ఆర్మ్‌వీ6 ఆప్షన్లన్నీ ఇచ్చి చూశాను, ఫలితం లేదు.
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీరిచ్చిన ఆప్షన్లు మీరు రాసిన కోడ్‌కే వర్తిస్తాయి. స్టార్టప్ ఫైళ్లు, జీసీసీ తోడు లైబ్రరీ లిబ్‌జీసీసీ ముక్కలు ఉబుంటు వాళ్లు ఎప్పుడో ఆర్మ్‌వీ7 కోసం కంపైల్ చేసి పెట్టినవి. వాటిని మీ ఆప్షన్ ఏమీ చేయలేదు. జీరోలో ఉన్నది ఆర్మ్ 1176 కోర్, అంటే ఆర్మ్‌వీ6. ఆ వీ7 సూచనలు దానికి అర్థం కావు, మీ మెయిన్ దాకా రాకముందే పడిపోతుంది. మనల్ని తప్పుదారి పట్టించేది, 32 బిట్ ఆర్మ్ ప్యాకేజీలకి పెట్టే ‘ఆర్మ్‌హెచ్‌ఎఫ్’ అన్న పేరు. డెబియన్, ఉబుంటుల్లో ఆ పేరుకి కనీసం ఆర్మ్‌వీ7 ఉండాలి. రాస్‌ప్‌బెర్రీ వాళ్ల 32 బిట్ ఓఎస్‌లో అదే పేరుతో ఆర్మ్‌వీ6కి కట్టారు.

రీడ్‌ఎల్ఫ్ అనే టూల్‌కి పెద్ద ‘ఏ’ ఆప్షన్ ఇచ్చి చూడండి, సీపీయూ ఆర్క్ అన్న చోట వీ7 కనిపిస్తుంది. దీనికి మందు ఆప్షన్లలో లేదు, టూల్‌చెయినే (కంపైలర్, లైబ్రరీల సెట్టునే) మార్చాలి. క్రాస్‌టూల్-ఎన్‌జీతో గానీ బిల్డ్‌రూట్‌తో గానీ ఆర్మ్ 1176 ఎంచుకుని కట్టుకోండి. 2021లో వచ్చిన జీరో 2 డబ్ల్యూకి ఈ బాధ లేదు, అందులో ఉన్నవి కోర్‌టెక్స్-ఏ53 కోర్లు.

ప్రశ్న: ఫైల్ బోర్డులో ఉంది, ఎల్ఎస్ కొడితే కనిపిస్తోంది, పర్మిషన్లూ ఉన్నాయి. రన్ చేస్తే ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’! పిచ్చెక్కుతోంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: లేనిది మీ ఫైల్ కాదు, దాన్ని ఎక్కించే లోడర్. మీ బైనరీలో /లిబ్/ఎల్‌డీ-లినక్స్-ఆర్మ్‌హెచ్‌ఎఫ్.ఎస్ఓ.3 అని రాసి ఉండి, బోర్డులో ఆ ఫైల్ లేకపోతే షెల్ ఈ మాటే అంటుంది. రీడ్‌ఎల్ఫ్‌కి చిన్న ‘ఎల్’ ఆప్షన్ ఇస్తే ‘ఇంటర్‌ప్రెటర్’ అన్న వరుసలో మీ బైనరీ అడుగుతున్న పేరు కనిపిస్తుంది. బోర్డులో లిబ్ డైరెక్టరీ చూడండి. మజిల్ (జీలిబ్‌సీకి బదులు వాడే మరో సీ లైబ్రరీ) లోడర్ ఉంటే బోర్డు సిస్టమ్ మజిల్‌తో కట్టింది. ఎల్‌డీ-లినక్స్.ఎస్ఓ.3 మాత్రమే ఉంటే అది సాఫ్ట్ ఫ్లోట్‌ది (దశాంశ విలువలను వేరే పద్ధతిలో అందించుకునే రకం). సిమ్‌లింక్ ఒకటి పెట్టేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. బోర్డు అమ్మినవాళ్లని అదే సిస్టమ్‌కి కట్టిన టూల్‌చెయిన్ అడిగి తీసుకోండి.

ప్రశ్న: మావాడు ఎంబెడెడ్ కోర్సు చేస్తున్నాడు. ల్యాప్‌టాప్‌లో ఏదో నడిపించి, ‘యోక్టో బిల్డ్ అవుతోందమ్మా’ అంటూ ఫోన్‌లో సినిమాలు చూస్తుంటాడు. గంటలు గడిచిపోతాయి. నిజంగానే అంతసేపు పడుతుందా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: పడుతుందమ్మా, మొదటిసారికి మాత్రం మీవాడు చెప్పేది నిజమే. అట్లు పోసే ముందు పెనం కూడా ఇంట్లోనే పోతపోసుకునే రకం యోక్టో, బోర్డుకి కావాల్సిన లినక్స్ మొత్తాన్ని కట్టే టూల్ అది. ముందు సోర్స్ కోడ్ దించుకుని, తన క్రాస్ కంపైలర్‌ని తానే కట్టుకుని, తర్వాత సీ లైబ్రరీ, కెర్నెల్, ఒక్కో ప్యాకేజీ కడుతుంది. మామూలు ల్యాప్‌టాప్ మీద గంటలు పట్టడం వింతేమీ కాదు. డిస్క్‌లో పదుల జీబీల ఖాళీ కావాలి కూడా. మధ్యలో కరెంటు పోతుందని కంగారుపడి చార్జర్ మాత్రం పీకకండి.

అయితే ఒకసారి కట్టినవాటిని యోక్టో ‘ఎస్‌స్టేట్ కాష్’ అనే డైరెక్టరీలో దాచుకుంటుంది. ఒక ప్యాకేజీలో చిన్న మార్పు చేస్తే దాన్ని, దాని మీద ఆధారపడ్డవాటిని మాత్రమే మళ్లీ కడుతుంది. కాబట్టి రెండో రోజూ, మూడో రోజూ కూడా అన్నే గంటలు పడుతోందంటే, ‘ఎస్‌స్టేట్ కాష్ డైరెక్టరీ డిలీట్ చేశావా నాన్నా?’ అని అడగండి. ‘లేదు’ అంటే సమాధానం సినిమా నిడివిలో ఉంటుంది.