సాలిస్‌బరీ కేథడ్రల్ చూడటానికి గంట సరిపోతుందా?

ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్ చూసే రోజునే, అక్కడికి దగ్గరలోని పెద్ద చర్చి సాలిస్‌బరీ కేథడ్రల్ కూడా చూడాలనుకుంటున్నామని, దానికి ఒక గంట చాలునా అని మీరు అడిగారు. లండన్‌లోని వాటర్లూ స్టేషన్ నుంచి సాలిస్‌బరీకి రైలులో సుమారు గంటన్నర ప్రయాణం కాబట్టి రెండూ ఒకే రోజున చూడవచ్చు. కానీ గంట మాత్రం చాలదు. ఉదయమే స్టోన్‌హెంజ్ ముగించుకుని మధ్యాహ్నమంతా కేథడ్రల్‌కు ఉంచుకోమని, చూసి వచ్చినవాడిగా నా సలహా.

లోపలికి వెళ్లగానే నేరుగా నడుమనున్న నాలుగు పెద్ద స్తంభాల దగ్గరికి నడవండి. 1220లో మొదలైన ప్రధాన కట్టడం 1258 నాటికి పూర్తయింది. అప్పట్లో ఈ స్తంభాలు మోసినది పొట్టి గోపురాన్నే. తరువాతి శతాబ్దంలో దానిపై గోపురాన్ని పెంచి, రాతి శిఖరాన్ని 123 మీటర్ల ఎత్తుకు లేపడంతో సుమారు 6,500 టన్నుల బరువు అదనంగా వచ్చి పడింది. స్తంభం మొదట్లో నిలబడి, అంచు వెంబడి చూపును నెమ్మదిగా పైకి పోనిస్తే రాయి వంగి ఉన్న సంగతి మామూలు కంటికే తెలుస్తుంది. నేను నమ్మలేక పక్కకు జరిగి మళ్లీ చూశాను. వంపు అలాగే ఉంది. శిఖరం కూడా ఒక పక్కకు ఒరిగింది; దాన్ని 1668లో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ పరిశీలించారు. పునాది లోతు దాదాపు నాలుగు అడుగులే, దాని కింద ఉన్నది గులకరాళ్ల పొర. ఇంత భారం దానిపై ఇన్ని శతాబ్దాలుగా నిలిచి ఉండటం కంటే గొప్ప విషయం ఆ భవనంలో మరొకటి నాకు కనిపించలేదు.

ఇంగ్లండ్ రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పంద పత్రం మాగ్నా కార్టా మూల ప్రతుల్లో మిగిలినవి నాలుగే. వాటిలో ఒకటి ఇక్కడి చాప్టర్ హౌస్‌లో, అంటే మతగురువుల సమావేశ మందిరంలో ఉంది. దట్టమైన లాటిన్ చేతిరాత, పైగా వెలుతురు తక్కువ, కనుక కళ్లు అలవాటుపడేదాకా ఓపిక పట్టండి. 1386 నాటిదని చెప్పే ఇనుప గడియారానికి ముఖమూ ముళ్లూ లేవు. గంట కొట్టి వేళ తెలపడమే దాని పని.

గోపురం ఎక్కాలంటే వేరే టికెట్టు తీసుకోవాలి. మెట్లు 332, మెలికలు తిరిగే ఇరుకు దారి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు మీ వెంట ఉంటే వారిని కిందే ఉండనివ్వండి. సాయంత్రపు ప్రార్థనలో బృందగానం ఉంటుంది, దానికి ప్రవేశ రుసుము లేదు. ఆ రోజు వేళలు ముందుగా చూసుకుని, దానికి తగ్గట్టు తిరుగు రైలు ఎంచుకోండి.