స్టార్లు సగమే వచ్చే ఐస్ హాకీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ చూడాలా? ఈ ఆట ఇంకా ఎదుగుతుందా?

ప్రశ్న: ఒలింపిక్స్‌లో ఐస్ హాకీ చూసి ఇష్టపడ్డాను. ఏటా మే నెలలో జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు పెద్ద ఆటగాళ్లందరూ రారట కదా, అది చూడదగ్గదేనా? పాయింట్ల పట్టిక చూస్తే తల తిరుగుతోంది. నాలుగైదు దేశాలు దాటి ఈ ఆట ఎదుగుతుందా?

జవాబు:

చూడదగ్గదే. కాకపోతే ఒలింపిక్స్ చూసిన కళ్లతో కాదు. ఒలింపిక్స్‌లో కుతూహలమంతా పతకం ఎవరిదన్న దాని మీదే ఉంటుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అసలు నాటకం పట్టికలో నాలుగో స్థానం దగ్గర, ఎనిమిదో స్థానం దగ్గర నడుస్తుంది. ఆట ఎదుగుతోందా లేదా అన్నది తెలిసేది కూడా ఆ రెండు చోట్లే.

ముందు లెక్క. 16 జట్లు, ఎనిమిదేసి చొప్పున రెండు గ్రూపులు, ఒక్కో జట్టుకు ఏడు మ్యాచ్‌లు. ప్రతి గ్రూపులో మొదటి నలుగురు క్వార్టర్ ఫైనల్‌కు వెళ్తారు. ఒక్కో గ్రూపులో అట్టడుగున మిగిలిన జట్టు కింది డివిజన్‌కు పడిపోతుంది, అక్కడి నుంచి రెండు జట్లు పైకొస్తాయి. 2025లో ఫ్రాన్స్, కజకిస్థాన్ దిగాయి. వాటి స్థానాల్లోకి బ్రిటన్, ఇటలీ వచ్చాయి. 60 నిమిషాల్లో గెలిస్తే 3 పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో గెలిస్తే 2, అక్కడ ఓడినా 1. స్కోరు సమంగా ఉండి మూడో పీరియడ్ (ఆటలో ఆఖరి భాగం) చివరికొచ్చేసరికి రెండు జట్లూ హఠాత్తుగా చేతులు ముడుచుకున్నట్టు కనిపిస్తే కారణం అదే: చేతికొచ్చిన ఒక పాయింట్‌ను ఎవరూ పోగొట్టుకోవాలనుకోరు.

కొత్తవాళ్లు తడబడేది పాయింట్లు సమమైనప్పుడు. ఫుట్‌బాల్ అలవాటుతో మొత్తం గోల్స్ తేడా చూస్తారు. ఇక్కడ ముందు చూసేది అది కాదు, సమంగా ఉన్న జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లే. రెండు జట్లయితే వాటి మధ్య గెలిచింది పైన ఉంటుంది. మూడు జట్లయితే ఆ ముగ్గురి మధ్య చిన్న పట్టిక వేయాలి. ఉదాహరణకు క, గ, చ అనే జట్లు. క జట్టు గ మీద 60 నిమిషాల్లో గెలిచింది. గ జట్టు చ మీద ఓవర్‌టైమ్‌లో గెలిచింది. చ జట్టు క మీద 60 నిమిషాల్లో గెలిచింది. చిన్న పట్టికలో చ కు 4, క కు 3, గ కు 2. గ జట్టు అందరికంటే బలహీనమైన జట్టు మీద పది గోల్స్ కొట్టి ఉన్నా ఇక్కడ దానికి పైసా విలువ లేదు. ఈ ముక్క తెలిస్తే గ్రూప్ దశ చివరి రెండు రోజుల్లో ఎవరికి ఏ ఫలితం కావాలో మీరే కాగితం మీద తేల్చుకోవచ్చు.

క్వార్టర్ ఫైనల్లో ఒక గ్రూపు మొదటి జట్టు రెండో గ్రూపు నాలుగో జట్టుతో, రెండో జట్టు మూడో జట్టుతో తలపడతాయి. గెలిచిన నలుగురికి సెమీస్ కోసం మళ్లీ ర్యాంకులిచ్చి జోడీలు కడతారు. అందుకే మొదటి రోజే ఫైనల్ దాకా గీతలు గీసి పంచుకునే బొమ్మలు చాలావరకు తప్పవుతాయి.

ఇక స్టార్ల సంగతి. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్‌లు ఏప్రిల్ మధ్యలో మొదలై జూన్ దాకా సాగుతాయి. అక్కడ గెలుస్తున్నవాడు ఇక్కడికి రాలేడు, ఓడినవాడు రావచ్చు. జట్టులో గరిష్ఠంగా 25 మంది: 22 మంది స్కేటర్లు, ముగ్గురు గోలీలు (గోల్‌కీపర్లు). ఒకసారి నమోదైన పేరు తీసి ఇంకో పేరు పెట్టడం కుదరదు. అందుకని పెద్ద జట్లు రెండు మూడు చోట్లు ఖాళీగా ఉంచుకుని ప్లేఆఫ్‌ల వైపు చూస్తూ కూర్చుంటాయి. అనుకున్న ఆటగాడి క్లబ్ ఓడకపోతే ఆ చోటు వృథా. ఈలోగా ఎవరికైనా గాయమైతే మూడు లైన్లతోనే (వంతులవారీగా కలిసి దిగే ఫార్వర్డ్‌ల బృందాలు) నెట్టుకురావాలి. మొదటి మ్యాచ్‌లో కెనడాను చూసి అంచనాలు కట్టేవాళ్లు ఈ విషయం మరిచిపోతారు. ఆ జట్టు పూర్తి రూపం చాలాసార్లు రెండో వారానికి గానీ బయటపడదు.

అంతమాత్రాన స్టార్లు వస్తే కప్పు వచ్చినట్టేనా అంటే, అదీ లేదు. 2025లో సిడ్నీ క్రాస్బీ, నేథన్ మెకినన్ ఇద్దరూ ఉన్న కెనడాను క్వార్టర్ ఫైనల్లో డెన్మార్క్ 2-1తో ఇంటికి పంపింది. చివరి మూడు నిమిషాల దాకా కెనడాదే ఆధిక్యం, ఆ తర్వాత రెండు గోల్స్ పడ్డాయి. అంతకు ముందు ఏడాది గ్రూప్ దశలో ఆస్ట్రియా అదే కెనడా మీద 1-6తో వెనకబడి, మూడో పీరియడ్‌లో ఐదు గోల్స్ కొట్టి 6-6 చేసింది. ఓవర్‌టైమ్‌లో ఓడినా ఒక పాయింట్ దక్కించుకుంది.

ఇవి గాలివాటం ఫలితాలని కొట్టిపారేయడం సులువు. కొంత గాలివాటం ఉంది కూడా, కానీ దానికో లెక్క ఉంది. మ్యాచ్‌లో గోల్ మీదికి 30 షాట్లు వచ్చాయనుకుందాం. 92 శాతం ఆపే గోలీ సగటున 2.4 గోల్స్ ఇస్తాడు, 88 శాతం ఆపేవాడు 3.6 ఇస్తాడు. అంటే ఒక్క మనిషి వల్లే గోల్‌కు పైగా తేడా. మామూలుగా ఒక మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి కొట్టేవి ఆరు గోల్స్ అటూ ఇటూ. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో లోతున్న జట్టు ఈ తేడాను మింగేస్తుంది. ఒకే మ్యాచ్ నాకౌట్‌లో మింగలేదు. అందుకే ఒక మంచి గోలీ, పద్ధతిగా ఆడే నలుగురైదుగురు డిఫెండర్లు ఉన్న చిన్న దేశానికి మే నెలలో ఆశ ఉంటుంది. ఎవరిని చూడాలని అడిగితే నా సలహా: ముందు గోలీ పేరు చూడండి, తర్వాతే ఫార్వర్డ్‌లు.

తెర మీద పక్ కనిపించడం లేదన్నది అందరి మొదటి ఫిర్యాదు. పక్ 7.62 సెంటీమీటర్ల వ్యాసం, 2.54 సెంటీమీటర్ల మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల, బరువు 156 నుంచి 170 గ్రాములు. దాన్ని వెతకొద్దు, గోలీ భుజాలు ఎటు తిరిగాయో చూడండి; పక్ అటే ఉంటుంది. రెండోది, షిఫ్ట్ నిడివి. ఆటగాళ్లు 40 నుంచి 50 సెకన్లు ఆడి బెంచీకి వస్తారు. ఒక ఐదుగురు తమ గోల్ ముందున్న జోన్‌లో ఇరుక్కుపోయి నిమిషంన్నర దాటితే కాళ్లు కదలవు. పక్‌ను తమ సగం నుంచి అవతలి గోల్ గీత దాటేలా కొట్టేస్తే ఐసింగ్ అనే తప్పు పడుతుంది, ఐసింగ్ చేసిన జట్టుకు ఆటగాళ్లను మార్చుకునే వీల్లేదు. ఆటను మళ్లీ మొదలుపెట్టే ఫేసాఫ్‌కు అలసిన ఆ ఐదుగురే నిలబడాలి. గోల్ అక్కడ పుడుతుంది, రీప్లేలో చూపించే పాస్ దగ్గర కాదు. మూడోది, స్కోరు చూసి మోసపోవద్దు. ఒక గోల్ వెనకబడిన జట్టు చివరి రెండు మూడు నిమిషాల్లో గోలీని తీసేసి ఆరో స్కేటర్‌ను దించుతుంది, ఖాళీ గోల్‌లోకి పక్ వెళ్తుంది. 4-2 అని రాసి ఉన్నది చాలాసార్లు 3-2 మ్యాచే.

రింక్, అంటే ఆడే మంచు మైదానం కొలత కూడా చూసుకోండి. యూరప్ పాత రింక్ 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, అంటే 1800 చదరపు మీటర్లు. ఎన్‌హెచ్‌ఎల్ రింక్ 60.96 మీటర్ల పొడవు, 25.91 మీటర్ల వెడల్పు, దాదాపు 1580 చదరపు మీటర్లు. వెడల్పు రింక్‌లో పక్ గోడల వెంట తిరుగుతూనే ఉంటుంది, గోల్ ముందుకు రాదు. షాట్ల సంఖ్య ఘనంగా కనిపిస్తుంది గానీ వాటిలో సగం దూరం నుంచి వచ్చే పసలేని షాట్లు. ఇరుకు రింక్‌లో ఢీకొనడాలు ఎక్కువ, డిఫెండర్‌కు ఆలోచించే సమయం తక్కువ. ఇప్పుడు అంతర్జాతీయ పోటీలు కూడా ఇరుకు రింక్‌ల వైపే మళ్లుతున్నాయి. నా మటుకు ఇది మంచి మార్పు.

నాకు నచ్చనిది ఓవర్‌టైమ్ పద్ధతి. గ్రూప్ దశలో ముగ్గురితో ముగ్గురు (గోలీ కాకుండా, మామూలుగా ఉండే ఐదుగురికి బదులు), ఐదు నిమిషాలు, తర్వాత షూటౌట్. అది సరే. కానీ స్వర్ణ పతక మ్యాచ్ కూడా ముగ్గురితో ముగ్గురే, గోల్ పడేదాకా 20 నిమిషాల పీరియడ్లు. 2025 ఫైనల్లో అమెరికా, స్విట్జర్లాండ్ 60 నిమిషాలు 0-0తో నిలబడ్డాయి. ఐదుగురితో ఐదుగురు నిర్మించిన ఆ గోడను ముగ్గురి ఆటలో అమెరికా ఆటగాడు టేజ్ థాంప్సన్ షాట్ కూల్చింది. ఒలింపిక్స్‌తో కలపకుండా విడిగా జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అమెరికాకు 1933 తర్వాత అదే మొదటి టైటిల్. గెలుపును తప్పుబట్టడం లేదు. అయితే 2025 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్ జరిపిన నాలుగు దేశాల టోర్నీ ఫైనల్లో ఐదుగురితో ఐదుగురే ఓవర్‌టైమ్ ఆడారు, కానర్ మెక్‌డేవిడ్ గోల్‌తో కెనడా 3-2తో నెగ్గింది. అది అదే ఆట కొనసాగింపులా ఉంది. మే నెలది వేరే ఆటకు మారినట్టుంది.

భవిష్యత్తు గురించి. పైమెట్టు మీద తారీఖులు కుదురుకున్నాయి: 2014 తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లకు ఒలింపిక్స్ దారి 2026తో మళ్లీ తెరుచుకుంది, 2028 ఫిబ్రవరికి ప్రపంచ కప్ (మే టోర్నీ కాదు, వేరే పోటీ) ప్రకటించారు, 2030 ఒలింపిక్స్ కూడా ఒప్పందంలో ఉంది. దీనితో మే టోర్నీ చచ్చిపోతుందనేవాళ్లున్నారు. కానీ 2024లో మే టోర్నీని చెక్ నగరాలు ప్రాగ్, ఓస్ట్రవాల్లో 7,97,727 మంది టికెట్ కొని చూశారు, అది ఆ టోర్నీ రికార్డు. 2023లో లాట్వియా కాంస్యం గెలిస్తే ఆ దేశ పార్లమెంటు అర్ధరాత్రి కూర్చుని మర్నాడు సెలవు ప్రకటించింది. నాలుగు దేశాల టోర్నీ ఎంత నాణ్యంగా ఉన్నా లాట్వియా రాజధాని రీగాలో సెలవు ఇప్పించలేదు. స్విట్జర్లాండ్ 2013, 2018, 2024, 2025లో ఫైనల్ దాకా వచ్చి నాలుగుసార్లూ ఓడింది. జర్మనీ 2018 ఒలింపిక్స్‌లోనూ 2023లోనూ రజతం తెచ్చుకుంది. ఈ మధ్య వరుస దేశాలే ఆట ఎదుగుదలకు కొలత.

మహిళల వైపు కథ ఇంకా బిగుసుకుపోయి ఉంది. 1990 నుంచి 2025 వరకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ టైటిల్ కెనడా, అమెరికా దాటి పోలేదు. ఆ రెండూ కాకుండా మూడో జట్టు ఫైనల్‌కు వచ్చింది 2019లో ఫిన్లాండ్ ఒక్కటే. 2024 జనవరిలో ఆరు జట్లతో మొదలై ఎనిమిదికి పెరిగిన మహిళల ప్రొఫెషనల్ లీగ్ యూరప్ క్రీడాకారిణులకు సీజన్ పొడవునా గట్టి పోటీలో ఆడే వీలిస్తోంది. ఆ రెండు దేశాలకూ మిగతావాటికీ ఉన్న తేడా తగ్గితే ఈ దారినే తగ్గాలి.

అసలు అడ్డంకి మంచు. కాంక్రీటు పలకలో గొట్టాలు, వాటిలో అతిశీతల ద్రవం, పైన మూడు నాలుగు సెంటీమీటర్ల మంచు, దాని ఉష్ణోగ్రత సున్నాకు ఐదు డిగ్రీల కింద అటూ ఇటూ. హాలులో తేమ తీసే యంత్రం సరిగా లేకపోతే మంచు మీద నీటి పొర ఏర్పడి పక్ నెమ్మదిస్తుంది, అంచులు మెత్తబడి స్కేటు జారుతుంది. పాత రింక్‌లలో అమ్మోనియా వాడతారు, అది లీకైతే ప్రాణాంతకం: 2017లో కెనడాలోని ఫెర్నీ రింక్‌లో ముగ్గురు చనిపోయారు. కొత్తవి కార్బన్ డయాక్సైడ్ శీతలీకరణ వైపు వెళ్తున్నాయి, మంచు నుంచి లాగిన వేడిని గదులకు, స్నానాల నీటికి మళ్లిస్తున్నాయి. ఖర్చు తగ్గడానికి ఇది ఒక దారి.

ఇంకో దారి ఉన్న మంచునే పంచుకోవడం. రింక్‌ను అడ్డంగా మూడు ముక్కలు చేసి పిల్లల్ని చిన్న జట్లుగా ఆడిస్తే ఒకే గంటలో మూడు మ్యాచ్‌లు జరుగుతాయి, ఒక్కో పిల్లవాడి స్టిక్‌కు పక్ ఎన్నో రెట్లు ఎక్కువసార్లు తగులుతుంది. అమెరికాలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇదే పద్ధతి. దీనికి అడ్డుపడేది సాధారణంగా తల్లిదండ్రులు, పూర్తి రింక్ కాకపోతే అది అసలైన హాకీ కాదంటారు. 2020 లోజాన్ యూత్ ఒలింపిక్స్‌లో ముగ్గురితో ముగ్గురు పోటీని వేర్వేరు దేశాల పిల్లల్ని కలిపి జరిపారు. పూర్తి జట్టు కట్టలేని దేశానికి అలాంటిదొక గుమ్మం.

మెడ రక్షణ గురించి ఒక మాట. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మ్యాచ్ ఆడుతూ స్కేటు మెడకు తగిలి అమెరికా ఆటగాడు ఆడమ్ జాన్సన్ చనిపోయాక అంతర్జాతీయ సమాఖ్య తన పోటీలన్నిటిలో కోతను తట్టుకునే మెడ పట్టీని తప్పనిసరి చేసింది. ఎవరైనా ఆడటం మొదలుపెడుతుంటే హెల్మెట్ తర్వాత కొనాల్సింది అదే. వదులుగా వేసుకుంటే కిందికి జారి గొంతు బయటపడుతుంది, అప్పుడది ఉన్నా లేనట్టే.

ఈసారి టోర్నీలో ఒక్క రోజే కుదిరితే ఫైనల్ రోజు కాదు, గ్రూప్ దశ చివరి రోజు కేటాయించండి. 2025లో ఆ రోజున ఆస్ట్రియా 6-1తో లాట్వియాను, డెన్మార్క్ షూటౌట్‌లో జర్మనీని దాటి క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లాయి. ఆ డెన్మార్కే రెండు రోజులకు కెనడాను ఓడించింది.