నల్ల కుక్క ఫోటోలో కళ్లెక్కడ?

ఫోటోలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది ఒంగోలు. రిటైరయ్యాక బెంగళూరు మారతహళ్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా ఇంట్లో కాటుక అని నల్ల కుక్క ఉంది. జాతి కుక్క కాదు, వీధిలో దొరికిన పిల్లను మావాడు తెచ్చి పెంచాడు. ఇప్పుడు దానికీ వయసు మీద పడింది. వాడి పుట్టినరోజుకి దాని ఫోటో పెద్దదిగా ప్రింట్ వేయించి, ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలని నా ఆశ. బాల్కనీలో కూర్చుని ఉండగా ఫోన్‌తో తీశాను. మనవరాలు చూసి ‘బ్రైట్‌నెస్ పెంచు నానమ్మా’ అంది. పెంచితే కుక్క బూడిద రంగుకి తిరిగింది. మా వదినకు పంపితే ‘ఎర్ర బకెట్ కనిపిస్తోంది, కుక్క ఏదీ?’ అంది. కింద సెక్యూరిటీ అబ్బాయికి చూపిస్తే ‘దీని చెవి మడత కనిపించట్లేదమ్మా’ అన్నాడు. ఎవరి మాట వినాలి? ఈ ఫోటో బాగుపడుతుందా, మళ్లీ తీయాలా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: అమ్మా, సెక్యూరిటీ అబ్బాయి మాట వినండి. మీ వదినగారి మాట కూడా వినండి. మనవరాలి సలహా ఈసారికి పక్కన పెట్టండి.

వదినగారు తన కన్ను ముందు ఎక్కడ పడిందో చెప్పారు. సెక్యూరిటీ అబ్బాయి ఉండాల్సినది ఏది లేదో చెప్పాడు. ఇద్దరూ చూసింది చూసినట్టు చెప్పారు. మనవరాలు మాత్రం రోగం ఏమిటో చెప్పకుండా మందు రాసిచ్చింది. ఫోటో చూసినవాళ్లు ‘ఇక్కడ ఏదో తేడాగా ఉంది’ అంటే దాదాపు ఎప్పుడూ నిజమే అవుతుంది. ‘ఇలా చెయ్యి’ అంటే మాత్రం చాలాసార్లు తప్పుతుంది. మల్లేశ్వరంలో నా స్టూడియోకి వచ్చే పెళ్లివాళ్లు ‘కలర్ పెంచండి’ అంటే, ‘ఎక్కడ తక్కువైందో వేలు పెట్టి చూపించండి’ అంటాను. ఆ వేలు నేరుగా పెళ్లికూతురి మొహం మీదికి వెళ్తుంది. అక్కడ తక్కువైంది కలర్ కాదు, మొహం మీద వెలుగు.

మీరు ఈమెయిల్‌లో పంపిన ఒరిజినల్‌ను పెద్ద స్క్రీన్ మీద చూశాను. ఎండ బాగా ఎక్కిన వేళ తీశారు. కాటుక వెనకాల గ్రిల్, ఆ వెనక తెల్లటి ఆకాశం. కుడి పక్కన ఎర్ర ప్లాస్టిక్ బకెట్, బట్టలారేసే స్టాండు. తులసి కోట సరిగ్గా దాని తల మీద మొలిచినట్టుంది. కాటుక మటుకు కాళ్లు, మెడ, మొహం తేడా తెలియని ఒకే నలుపు.

దీనికి కారణం కెమెరా లెక్క. దానికి కుక్క తెలియదు, ఆకాశం తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపితే మధ్యరకం బూడిద వెలుగు రావాలని మాత్రం చూస్తుంది. మీ ఫ్రేములో సగం పైగా తెల్ల ఆకాశం ఉండేసరికి, ‘వెలుగు మరీ ఎక్కువైంది’ అనుకుని మొత్తం ఫోటోను తగ్గించింది. అసలే నల్లగా ఉన్న కుక్క ఇంకా కిందికి పోయింది. ఈ రోజుల్లో ఫోన్లు తమంతట తాము కొంత సర్దుతాయి, అయినా ఇంత తేడాను మోయలేవు. ఇదే కాటుక దగ్గరికి వెళ్లి ఫ్రేమంతా దాని ఒళ్లే నిండేలా తీస్తే సరిగ్గా ఎదురు జరుగుతుంది. ‘ఇక్కడ చీకటిగా ఉంది’ అనుకుని కెమెరా వెలుగు పెంచుతుంది, నల్ల కుక్క బూడిద కుక్క అవుతుంది. బ్రైట్‌నెస్ పెంచినప్పుడు మీకు జరిగింది కూడా అలాంటిదే. ఆ మీట నలుపునీ తెలుపునీ కలిపి పైకి లాగుతుంది. మనకు కావలసింది అది కాదు. ఒళ్లు నల్లగానే ఉండాలి, కళ్లు మాత్రం కనిపించాలి.

ఫిల్ము రోజుల్లో డార్క్‌రూమ్‌లో చేసింది కూడా ఇదే. ఫిల్ములోని బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జర్ వెలుగు ఫోటో కాగితం మీద పడుతుండగా, మొహం మీద చెయ్యి అడ్డం పెట్టి కాస్త ఊపేవాళ్లం. వెలుగు తగిలిన కొద్దీ ఆ కాగితం నల్లబడుతుంది. వెలుగు తక్కువ తగిలిన చోటు తేటగా వచ్చేది. దాన్ని డాడ్జింగ్ అనేవాళ్లం. ఆకాశానికి ఇంకొంచెం వెలుగు తగలనిస్తే అది ముదురుగా వచ్చేది, అది బర్నింగ్. చేతిని ఒకచోట నిలిపితే దాని అంచు కాగితం మీద తెలిసిపోతుంది కాబట్టి ఊపుతూనే ఉండాలి. ఇప్పుడు ఫోన్‌లో వేలితో చేసేది అదే పని.

మీ ఫోటో మీద నేను స్నాప్‌సీడ్‌తో పని చేశాను. అది గూగుల్ వాళ్ల ఉచిత యాప్. వేరే యాప్ ఉన్నా ఫరవాలేదు, పేర్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి అంతే.

మొదట క్రాప్. బకెట్, స్టాండు, పైన ఆకాశం చాలావరకు కోసేశాను. వదినగారి ఫిర్యాదు ఇక్కడితోనే తీరిపోయింది. ఏ మీటా ముట్టుకోకముందే ఫోటో సగం బాగుపడింది. ఇది ఎప్పుడూ ముందే చేయండి, తీసేయబోయే ఆకాశాన్ని చూసుకుంటూ వెలుగు సర్దడం దండగ. తర్వాత ట్యూన్ ఇమేజ్‌లో షాడోస్ (చీకటి భాగాల వెలుగు) కొంచెం పెంచాను, హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గించాను. ఆకాశం అప్పటికే తెల్లకాగితమైపోయింది, అందులోంచి రాబట్టడానికి ఏమీ లేదు. నలుపులో మాత్రం చాలా దాగుంది. షాడోస్ పెంచగానే మెడ కింద పట్టీ, ముందుకాళ్ల మధ్య సందు, మడత పడిన చెవి అంచు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అక్కడ ఆపేశాను. ఇంకా లాగితే నలుపులో రంగురంగుల నలకలు లేస్తాయి.

ఒళ్లు చూస్తే కాస్త నీలంగా ఉంది. నిగనిగలాడే నల్ల బొచ్చు మీద ఆకాశం ప్రతిఫలిస్తుంది కాబట్టి అలా వస్తుంది. ఫోటో మొత్తం రంగును నీలం వైపో పసుపు వైపో జరిపే వైట్ బ్యాలెన్స్‌ను ఒక పిసరు పసుపు వైపు జరిపాను. ఎంత జరపాలో తెలియడానికి నాకు గుర్తుగా పనికొచ్చింది దాని మూతి మీద నెరిసిన వెంట్రుకలు. అవి తెల్లగా కనిపించాయంటే రంగు సరిపోయినట్టే.

ఇక అసలు పని కళ్ల దగ్గర. సెలెక్టివ్ అనే టూల్ తీసుకుని కంటి మీద ఒక చుక్క పెట్టాలి. రెండు వేళ్లతో లోపలికి లాగితే ఆ చుక్క ప్రభావం ఎంత మేర ఉంటుందో తగ్గుతుంది. కంటి వరకే వచ్చేలా చిన్నది చేసి, వేలిని కుడివైపు జరిపి వెలుగు పెంచాను. రెండో కంటికీ అంతే. కాటుక కళ్లు నలుపు కావమ్మా, తేనె రంగు. మీ ఫోన్‌లో ఆ సంగతే తెలియట్లేదు. మడత చెవి మీద కూడా ఒక చుక్క పెట్టి కొంచెం తేట చేశాను. సెక్యూరిటీ అబ్బాయికి చూపించండి, గుర్తుపడతాడు.

కంటి మూల పుసి మాత్రం మచ్చలు చెరిపే హీలింగ్ టూల్‌తో తీసేశాను, అది రేపు ఉండదు. మూతి నెరుపు, ముక్కు మీది పాత గీత తీయలేదు, మీరూ తీయవద్దు. బ్యూటీ ఫిల్టర్లు వేస్తే ముందుగా పోయేవి అవే. మీ అబ్బాయి ఆ మూతిని రోజూ చేత్తో నిమురుతుంటాడు. నెరుపు లేని కాటుకను ఫ్రేమ్ కట్టి ఇస్తే అది వాళ్ల కుక్క కాదు.

ఇప్పుడు ప్రింట్ సంగతి. మీ ఫోటో 4000 × 3000 పిక్సెళ్లు. క్రాప్ చేశాక మిగిలింది 2400 × 1800. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున లెక్కేస్తే 8 × 6 అంగుళాల ప్రింట్ చక్కగా వస్తుంది. టేబుల్ మీద పెట్టుకునే ఫ్రేమ్‌కు ఇది చాలు. గోడకు 12 × 18 కావాలంటే మాత్రం మళ్లీ తీయాల్సిందే. ల్యాబ్‌కు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపకండి, అది కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి. ఇంకో మాట, ఫోన్ స్క్రీన్ తానే వెలుగుతుంది, కాగితం వెలగదు. స్క్రీన్ మీద బాగున్న నలుపు కాగితం మీద ముద్దగా దిగుతుంది. స్క్రీన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూసుకుని, అప్పుడు కూడా చెవి మడత తెలుస్తుంటేనే ప్రింట్‌కు ఇవ్వండి. పెద్దది వేసే ముందు చిన్న సైజులో ఒకటి వేయించి చూడండి, ఖర్చు పెద్దగా కాదు.

మళ్లీ తీసేటట్టయితే బాల్కనీలోనే తీయండి, కాకపోతే మీరూ కాటుకా చోట్లు మార్చుకోండి. మీ వీపు ఆకాశం వైపు, దాని మొహం ఆకాశం వైపు, వెనకాల ఇంటి గోడ. నేరుగా ఎండ పడకూడదు. బెంగళూరులో మబ్బు పట్టే రోజులకు కొదవ లేదు, ముఖ్యంగా జూన్ నుంచి సెప్టెంబర్ వరకు. నల్ల కుక్కకు ఆ వెలుగే శ్రేష్ఠం. కబ్బన్ పార్కుకు తీసుకెళ్తే చెట్ల కింద ఎండ చుక్కలు చుక్కలుగా పడే చోట మాత్రం వద్దు, నల్ల ఒంటి మీద ఆ చుక్కలు తెల్ల మచ్చలై కూర్చుంటాయి, ఏ యాప్ కూడా వాటిని తీయలేదు.

కెమెరా దాని కళ్ల ఎత్తులో ఉండాలి. మీ వయసులో నేల మీద పడుకోమని చెప్పను. కాటుకను దివాన్ మీద కూర్చోబెట్టి మీరు ఎదురుగా కుర్చీలో కూర్చోండి, సరిపోతుంది. మరీ దగ్గరికి వెళితే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. మీ ఫోన్‌లో 2 రెట్ల లెన్స్ ఉంటే అది పెట్టి రెండడుగులు వెనక్కి జరగండి. కంటి మీద వేలు పెట్టి ఫోకస్ ఇవ్వండి. పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. ఒళ్లు బూడిదగా కనిపిస్తే దాన్ని కిందికి లాగండి, ముద్దగా కనిపిస్తే పైకి.

అది మీ వైపు చూడాలంటే పేరు పెట్టి పిలవకండి, లేచి మీ దగ్గరికే వచ్చేస్తుంది. పెరుగన్నం తినే స్టీలు ప్లేటు మీద గరిటెతో ఒక్కసారి టంగుమనిపించమని మనవరాలికి చెప్పండి. చెవులు నిలబడతాయి, మడత చెవి సగం లేస్తుంది, కళ్లలోకి ఆకాశం వెలుగు దిగుతుంది. ఆ క్షణంలో బర్స్ట్‌లో, అంటే ఆగకుండా ఒకదాని వెంట ఒకటి, వరసగా తీసేయండి. మూడోసారి మోగిస్తే పట్టించుకోదు. పని అయ్యాక పెరుగన్నం నిజంగానే పెట్టండి, లేకపోతే రేపు మాట వినదు.

తీశాక ‘బాగుందా?’ అని ఎవరినీ అడగకండి. అభిమానం ఉన్నవాళ్లు బాగుందనే అంటారు. ఫోటోను రెండు సెకన్లు చూపించి ఫోన్ వెనక్కి తీసుకుని, ‘ఏం చూశావు?’ అని అడగండి. కాటుకను ఎన్నడూ చూడనివాళ్లను ఒకరిని, రోజూ చూసేవాళ్లను ఒకరిని అడగాలి. మొదటివాళ్లు బకెట్‌ను పట్టిస్తారు, రెండోవాళ్లు చెవిని పట్టిస్తారు. అబ్బాయికి తెలియకుండా చేస్తున్నారు కాబట్టి మీకు ఆ రెండో మనిషి సెక్యూరిటీ అబ్బాయే. నేను సరిచేసిన ఫోటో ఈమెయిల్‌లో పంపాను. అయినా మీరు ఒరిజినల్ తెరిచి మీ చేత్తో ఒకసారి చేసి చూడండి. కాటుక ఎలా ఉంటుందో నాకన్నా మీకు బాగా తెలుసు.

ప్రశ్న: రాత్రిపూట మా పిల్లిని ఫ్లాష్‌తో తీస్తే కళ్లు పచ్చగా మెరుస్తున్నాయి. ఎర్ర కళ్లు తీసే టూల్ వాడినా పోవట్లేదు.
– ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: పోదు. ఆ టూల్ ఎరుపును మాత్రమే వెతుకుతుంది. పిల్లి కంట్లో రెటీనా వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది, టపీటమ్ లూసిడమ్ అంటారు. మసక వెలుతురులో చూడటానికి దానికి అదే ఆధారం. ఫోన్‌లో ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి, ఆ పొర మీద పడిన వెలుగు తిన్నగా లెన్స్‌లోకే తిరిగొస్తుంది. తీసేసిన ఫోటోకైతే సెలెక్టివ్‌లో కంటి మీద చుక్క పెట్టి శాచ్యురేషన్ (రంగు గాఢత) అడుగుకి, బ్రైట్‌నెస్ కిందికి లాగండి. కనుపాప మధ్య భాగం వరకే చేయండి, చుట్టూ ఉన్న రంగు జోలికి పోకండి. ఇకనుంచి ఫ్లాష్ ఆపేసి గదిలో లైట్లన్నీ వేసి తీయండి. ఆ పచ్చ మెరుపు ఇక రాదు.

ప్రశ్న: పంజరంలో లవ్ బర్డ్స్‌ను తీస్తే ఊచలే కనిపిస్తున్నాయి. ఎడిటింగ్‌లో తీసేయవచ్చా?
– ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: ఒకటి రెండు ఊచలైతే హీలింగ్‌తో పోతాయి. ఈకల మీదుగా పోయే ఊచలు తీస్తే ఈకల వరస చెడిపోతుంది, చూడగానే తెలిసిపోతుంది. ఫోన్ లెన్స్ చిన్నది కదా, దాన్ని రెండు ఊచల సందులోకి ఆనించి తీయండి, ఊచలు ఫ్రేములోకే రావు. పిట్ట వెనకవైపు ఊచలు మిగులుతాయి. పంజరం వెనక ముదురు రంగు చీర ఒకటి వేలాడదీస్తే అవి నీడలో కలిసిపోతాయి. ఫోన్ దగ్గరికి తెచ్చిన వెంటనే తీయకండి, పిట్టలు బెదిరి మూలకు పోతాయి. కాసేపు ఫోన్‌ను అక్కడే ఆనించి ఉంచితే కొయ్య మీదికి తిరిగొస్తాయి, అప్పుడు తీయండి.