కాబోయే భార్యకు మెసేజ్ పెట్టాలంటే చాట్‌జీపీటీ కావాల్సి వస్తోంది... ఇది జబ్బా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. పెద్దలు కుదిర్చిన సంబంధం, ఫిబ్రవరిలో పెళ్లి. అమ్మాయిది రాజమండ్రి. తను పెట్టే మెసేజ్‌లు కాపీ చేసి చాట్‌జీపీటీలో వేసి, అది రాసిచ్చిందే పంపుతున్నాను. ఫోన్లో మాత్రం మాట పెగలదు, చెమటలు పడతాయి. బ్లూ టిక్ పడి జవాబు రాకపోతే గుండె దడ. ఇదేమైనా జబ్బా? తనకు చెప్పాలా? - ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: జబ్బని ఇప్పుడే ముద్ర వేయను. ఏం రాయాలో తోచక వేరేవాళ్ల చేత రాయించుకోవడం పాత అలవాటే. మా హాస్టల్లో ఒక సీనియర్ తన కాబోయే భార్యకి పంపే ఉత్తరాలు రాసిపెట్టింది నేనే, ఉత్తరానికి రెండు సమోసాలు. కాకపోతే ఆయన నెలకొకటి రాయించుకునేవాడు, మీరు రోజుకి ముప్పై రాయిస్తున్నారు.

అసలు చిక్కు యాప్‌లో లేదు. భయమేసిన ప్రతిసారీ దాని వెనక దాక్కుంటే, 'నేను సొంతంగా రాసినా ఏం కాదు' అని మెదడుకి తెలిసే అవకాశమే రాదు. దీన్ని మేం సేఫ్టీ బిహేవియర్ అంటాం. ఫోన్‌కాల్‌లో ఆ యాప్ సాయం ఉండదు కాబట్టి మాట ఆగిపోతోంది.

మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. "అమ్మకి బీపీ ఎక్కువైంది, ఈరోజు ఆఫీసుకి వెళ్లలేదు" అని ఆ అమ్మాయి రాస్తే, "ఈ క్లిష్ట సమయంలో మీ భావాలను నేను అర్థం చేసుకోగలను" అని వెళ్లింది. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? "ఎంతుంది? టాబ్లెట్ వేసుకున్నారా?" అంటే సరిపోయేది. పైగా వాళ్లమ్మగారి ఆరోగ్యం సంగతి ఆమెని అడక్కుండా ఒక యాప్‌లో పెట్టేశారు. ఆ కాపీ పేస్ట్ ఈరోజే ఆపేయండి.

ముందు మీరే రాయండి, తప్పులున్నా సరే పంపేయండి. వాట్సాప్‌లో పంపాక కూడా 15 నిమిషాల వరకు ఎడిట్ చేసుకోవచ్చు కదా, ఇంకా టెన్షన్ దేనికి? వారం తర్వాత రోజుకొక వాయిస్ మెసేజ్, తర్వాత ఐదు నిమిషాల కాల్, అలా పెంచుకుంటూ వెళ్లండి. బ్లూ టిక్‌లు సెట్టింగ్స్‌లో ఆపేస్తే అవతలివాళ్లవీ మీకు కనబడవు, మీ విషయంలో అది లాభమే. తెలుగు టైపింగ్ రాకపోతే నోటితో చెప్పి టైప్ చేయించుకోండి, మాట మీదే కాబట్టి ఆ సాయం తీసుకోవడంలో తప్పు లేదు.

ఆఫీసు మీటింగుల్లో, నలుగురిలో తినేటప్పుడు కూడా ఇలాగే ఉంటోందా? అయితే సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురి ముందు విపరీతమైన భయం కావచ్చు, సైకియాట్రిస్టుని కలవండి. సీబీటీ అనే మాటల చికిత్సతో బాగా తగ్గుతుంది, కొందరికే మందులు అవసరం. దడ ఊరికే కూర్చున్నప్పుడూ వస్తుంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. మెడికల్ షాపులో అడిగి కంగారు తగ్గించే ఆల్ప్రజోలమ్ మాత్రలు మాత్రం వేసుకోవద్దు, అలవాటు పడిపోతారు.

ఇక చెప్పాలా అంటే, చెప్పండి, పెళ్లికి ముందే, మెసేజ్‌లో కాదు, ఫోన్లో. "నాకు మాటలు త్వరగా రావు, అందుకే చాట్‌జీపీటీతో రాయించాను" అంటే చాలు. ఆమె కాసేపు అలగొచ్చు. ఆ మాటలు ఎలా చెప్పాలో మాత్రం మళ్లీ చాట్‌జీపీటీని అడక్కండి.

కాల్‌కి ముందు మరీ కంగారుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.