యాంబియంట్ ఆల్బమ్ పెడితే "ఏమీ జరగట్లేదు" అనిపిస్తోంది, దీన్ని ఎట్లా వినాలి?

"ఫ్రెండ్ చెప్పాడని పెట్టాను, పది నిమిషాలైనా పాట మొదలే కాలేదు, లిఫ్ట్‌లో వేసే మ్యూజిక్‌కీ దీనికీ తేడా ఏంటి, అసలు ఎట్లా వింటారు" అని అడిగారు కదా. యాంబియంట్ అంటే బీటూ పల్లవీ లేకుండా, గదిలో వెనకాల మెల్లగా నడిచే మ్యూజిక్. మీరు పెట్టింది బ్రయన్ ఈనో అనే ఇంగ్లీషు సంగీతకారుడు 1978లో తెచ్చిన మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్ కాబట్టి నేను చెప్పగలను, ఎందుకంటే నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయినోణ్ణి, అదీ ఒకసారి కాదు మూడుసార్లు.

నేను తిరుపతిలో బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో నైట్ డ్యూటీ చేస్తా. రాత్రి తొమ్మిదికి కూర్చుంటే పొద్దున ఏడు దాకా కౌంటరే. పన్నెండు దాకా జనం వస్తానే ఉంటారు, ఆధార్ జిరాక్స్, ఎక్స్‌ట్రా పరుపు, కొండకి మొదటి బస్సు ఎన్నింటికి, వేడినీళ్ళు ఎన్నింటికి, ఇదే గోల. ఒంటిగంట నించి మూడు దాకా మాత్రం పురుగు కూడా రాదు. ఆ రెండు గంటలు నిద్ర పోకుండా ఉండటమే అసలు డ్యూటీ. సినిమా చూస్తే గిరాకీ వచ్చింది తెలీదు, పాటలు పెడితే నేనే పాడతా, పైన రూముల్లో వాళ్ళు లేస్తారు. అందుకని మాటల్లేని మ్యూజిక్ ఏదన్నా ఉందా అని వెతుకుతుంటే ఇది తగిలింది.

మొదటిసారి రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టి, ఫుల్ సౌండ్, బేస్ బూస్ట్ ఆన్ చేసి కూర్చున్నా, సినిమా పాటకి ఎట్లా కూర్చుంటామో అట్లా. పియానో మీద నాలుగు ముక్కలు వాయించి వదిలేస్తాడు, కాసేపు గాలి, మళ్ళీ అవే నాలుగు ముక్కలు కొంచెం అటూఇటూగా. ఇదంతా బిల్డప్ అనుకున్నా, ఇప్పుడొస్తుంది బీట్, ఇప్పుడొస్తుంది పల్లవి అని ఎదురుచూశా. ఆ ట్రాక్ దాదాపు 17 నిమిషాలు. ఆరో నిమిషంలోనే పీకేశా. రెండోసారి ఫోన్ కౌంటర్ మీద పెట్టి స్పీకర్లో గట్టిగా పెడితే ఓనర్ సార్ మెట్లు దిగి వచ్చి "ఏందప్పా, ఫోన్ హ్యాంగ్ అయిందా?" అన్నాడు, నిజంగానే అడిగాడు, ఎగతాళి కాదు. మూడోసారి నిద్ర పోయా, సేలం నించి వచ్చిన ఒక ఫ్యామిలీ కౌంటర్ మీద దబదబా బాదితే గానీ లేవలేదు, వాళ్ళతో తమిళంలో తిట్లు కూడా తిన్నా.

అది పట్టుబడింది మాత్రం నవంబరు వానలో. మా ఊళ్ళో అసలు వాన అప్పుడే కదా, కపిలతీర్థంలో నీళ్ళు దూకేది కూడా ఆ రోజుల్లోనే. ఆ రాత్రి కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద ఒక లైటు, ఒక ఫ్యాను. ఫోన్లో పావు వంతు సౌండ్‌తో ఆల్బమ్ పెట్టి, చార్జింగ్ చూసుకుంటూ డ్రాయర్లో పడేసి మర్చిపోయా. రిజిస్టర్ టోటల్ వేసుకుంటా ఉన్నా. కాసేపటికి వాన చప్పుడు, ఫ్యాను కిర్రుమనేది, ఇన్వర్టర్ హమ్ము, బయట రేకుల మీద నీళ్ళు, వీటన్నిటి మధ్య నించి ఒక ఆడగొంతు "ఆ..." అని వచ్చి పోయింది. ఎవరో మెట్ల మీద ఉన్నారేమో అని తలెత్తి చూశా. ఎవరూ లేరు, డ్రాయర్లో రెండో ట్రాక్ నడుస్తోంది. అప్పుడు సౌండ్ పెంచాలనిపించలేదు చూడండి, పెంచితే పోతుందేమో అనిపించింది.

తర్వాత చదివితే తెలిసింది, ఈనోకి ఈ ఆలోచన పుట్టిందే ఇట్లాంటి చోట. 1975 మొదట్లో ఆయనకి యాక్సిడెంట్ అయి మంచం మీద ఉంటే ఒక ఫ్రెండ్ పాతకాలపు హార్ప్ వాద్యం రికార్డ్ తెచ్చిచ్చింది. ఆమె పోయాక కష్టపడి లేచి రికార్డ్ పెట్టి పడుకున్నాక చూస్తే సౌండ్ బాగా తక్కువుంది, పైగా స్టీరియోలో ఒక పక్క పనే చేయట్లేదు. మళ్ళీ లేచే ఓపిక లేదు. బయట వాన. ఆ వానలో అక్కడక్కడా తేలే తీగల చప్పుడు వింటా, మ్యూజిక్ అనేది గదిలో వెలుతురు లాగా, వాన చప్పుడు లాగా ఒక భాగమై ఉండొచ్చు కదా అనిపించిందంట. నా డ్రాయర్ కథకీ ఆయన మంచం కథకీ ఉన్న పోలిక చూసి కొంచెం గర్వపడ్డా కూడా, ఏమనుకోకండి.

ఇంక నేను వినింది ఆ రెండో ట్రాక్ గురించి చెప్పాలి, నాకు అదే ఇష్టం. దాని పేరు 2/1, అంటే రికార్డ్ మొదటి వైపు రెండో ట్రాక్ అని, అంతే, పేర్లు కూడా పెట్టలేదు మహానుభావుడు. అందులో వాద్యాలు లేవు, ఒట్టి గొంతులే. ఒక్కో గొంతు ఒక్కో స్వరం పట్టుకున్నది టేప్ మీద తీసి, ఆ టేప్ ముక్కని రెండు కొసలూ అతికించి గుండ్రంగా తిరిగేట్టు చేశారు. ముక్కలు ఎంత పొడుగంటే స్టూడియోలో కుర్చీల కాళ్ళ చుట్టూ తిప్పాల్సి వచ్చిందంట. తమాషా ఏంటంటే ఏ రెండూ ఒకే పొడుగు కాదు, ఒకటి 23.5 సెకన్లకి తిరిగొస్తే ఇంకోటి దాదాపు 26 సెకన్లకి, మరోటి దాదాపు 30కి. అన్నీ కలిపి వదిలేస్తే ఒకసారి మూడూ ఒకదాని మీద ఒకటి పడతాయి, ఒకసారి చాలాసేపు ఏదీ రాదు, మొదట పడిన తీరు ట్రాక్ అయిపోయేదాకా మళ్ళీ పడదు.

ఇది చదివినప్పుడు లెక్క అర్థమైంది గానీ, అసలు సంగతి అర్థమైంది మాత్రం మా బావ వాళ్ళ మొక్కు కోసం అలిపిరి నించి నడిచినప్పుడు. 3,550 మెట్లు, గాలిగోపురం దాకా నిట్టనిలువు, అక్కడికే నా పని అయిపోయింది. ఒక పక్కన కూలబడ్డా. కింద నించి ఒక గుంపు వస్తోంది, ఒకాయన "ఏడుకొండలవాడా" అంటే మిగతావాళ్ళు "గోవిందా గోవింద" అంటున్నారు. పైన ఇంకో గుంపు, వాళ్ళు తమిళోళ్ళు, వాళ్ళ ఊపిరి వేరు, వాళ్ళు నాలుగు మెట్లకోసారి అంటే వీళ్ళు పది మెట్లకోసారి. ఇంకా వెనక ఎక్కడో పిల్లల గుంపు, వాళ్ళకి అలుపే లేదు. ఎవరి పాటికి వాళ్ళు అంటున్నారు, ఎవరూ ఎవరితో కలపాలని చూడట్లేదు. ఒక్కోసారి మూడు గోవిందలూ ఒకచోట పడి షెడ్డంతా గుయ్యిమంటుంది, ఒక్కోసారి ఒట్టి కాళ్ళ చప్పుడే. నేను రెండో ట్రాక్‌లో వింటున్నది ఇదే కదా అనిపించింది. తర్వాతది ఎప్పుడు పడుతుందా అని నేనేం లెక్కపెట్టలేదు అక్కడ, పడినప్పుడు విన్నా, పడనప్పుడు మోకాళ్ళు పిసుక్కున్నా. (ఆ రోజు ఫోన్ బ్యాగులోనే ఉంది, మెట్ల దారిలో చెవుల్లో ఏదో పెట్టుకుని నడవటం నాకు నచ్చదు.)

మీ లిఫ్ట్ మ్యూజిక్ డౌట్ కరెక్టే గానీ సగం కరెక్ట్. మాల్స్‌లో, లిఫ్టుల్లో వేసేది అక్కడున్న చప్పుళ్ళని కప్పేసి మనల్ని హుషారుగా ఉంచాలని చేసింది. ఈనో దానికి తిరగబడి చేశాడు, ఉన్న చోటుని కప్పకూడదు, మనిషి ఆలోచించుకోవటానికి జాగా ఉండాలి అని. పట్టించుకుని వింటే విషయం ఉండాలి, వదిలేస్తే అడ్డు రాకూడదు. పేరు ఊరికే పెట్టలేదు, జర్మనీలో కొలోన్ ఎయిర్‌పోర్ట్‌లో కూర్చున్నప్పుడు అక్కడి మ్యూజిక్ విసుగొచ్చి అనుకున్నదంట, తర్వాత న్యూయార్క్ లా గార్డియా ఎయిర్‌పోర్ట్‌లో ఒక టెర్మినల్లో నిజంగానే దీన్ని కొన్నాళ్ళు వేశారు. మన రేణిగుంటలో కూడా వేస్తే బాగుండు అనుకుంటా, కానీ లగేజీ ఎక్కడ, లడ్డూ కవర్ ఎక్కడ అనే గోలలో ఎవరికి వినపడుతుంది లెండి.

కొంతమంది ఇది మన తంబూరా శ్రుతి లాంటిదే అంటారు, నాకైతే అట్లా అనిపించదు. తంబూరా మోగుతుంటే ఎవరో ఇప్పుడు పాడతారని మనకి తెలుసు. ఇక్కడ పాడేవాళ్ళు ఎవరూ రారు. మీ చిరాకంతా అక్కడే, వచ్చేవాళ్ళ కోసం చూస్తున్నారు.

మీరు ఇంకోసారి పెట్టేటట్టయితే, బేస్ బూస్ట్, ఈక్వలైజర్ అన్నీ తీసేయండి. ఇయర్‌ఫోన్స్ వద్దు, చిన్న స్పీకర్ గదికి ఆ మూల పెట్టి, పక్కన మనిషి మామూలుగా మాట్లాడితే మ్యూజిక్ వినపడనంత తక్కువ సౌండ్ పెట్టండి. కిటికీ తీసే ఉంచండి. ఏదో చేతి పని పెట్టుకోండి, బట్టలు మడతపెట్టడమో, చిక్కుడుకాయలు ఒలవటమో. ఫ్రీ యాప్‌లో మాత్రం వద్దు, అంత నెమ్మది మీద మధ్యలో లోన్ యాడ్ ఒకటి అరుస్తుంది చూడండి, గుండె జారిపోతుంది, నాకు జరిగింది. రాత్రి పూట బండి నడుపుతా అసలు వినొద్దు, చిత్తూరు రోడ్డులో ఒకసారి పెట్టి చంద్రగిరి దాటకముందే కళ్ళు మూతపడుతుంటే ఆపి టీ తాగి, మిగతా దారంతా మాస్ పాటలు పెట్టుకుని పోయా.

దీని తర్వాత ఏంటి అంటే, తీగల చప్పుడు ఇష్టమైతే లారాజీ అనే ఆయనది 1980లో ఈనో నిర్మించిన డే ఆఫ్ రేడియన్స్ ఉంది, సంతూర్ విన్నవాళ్ళకి కొత్తగా అనిపించదు. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేసే ఎఫెక్స్ ట్విన్‌ది 1994లో వచ్చిన సెలెక్టెడ్ యాంబియంట్ వర్క్స్ రెండో వాల్యూమ్ అందరూ చెప్తారు, గొప్పదే, కానీ కొన్ని ట్రాకులు ఖాళీ లాడ్జి కారిడార్లో రాత్రి రెండింటికి వినేవి కావు, నేను ఒకసారి విని మెట్ల లైట్లన్నీ వేసుకున్నా.

మీరు విన్న పది నిమిషాలు మొదటి ట్రాక్ కూడా పూర్తి కాలేదు కాబట్టి ఈసారి దాన్ని వదిలేసి నేరుగా రెండోదాని నించి మొదలెట్టండి. ఇది టైప్ చేస్తుంటేనే నాలుగున్నర అయింది, పై ఫ్లోర్‌లో బకెట్ల చప్పుడు మొదలైంది, నేను పోయి గీజర్ స్విచ్ వెయ్యాలి.