ట్యాగులు కొనేముందు ఇంట్లో ఫోన్లు చూసుకో

చి.సౌ. అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

అల్లుడిది ఐఫోన్, నీది శాంసంగ్, అత్తయ్యగారిది రెడ్‌మీ. తాళాలూ పెట్టెలూ పోతే ఎక్కడున్నాయో ఫోన్లో చూపే ట్యాగులు, ఒకే రకానివి నాలుగు తెప్పిద్దామంటున్నావు. కాస్త ఆగు తల్లీ.

ఈ ట్యాగుల్లో జీపీఎస్ ఉండదు. బ్లూటూత్‌లో చిన్న కూత వేస్తుంటాయి. ఆ పక్కగా వెళ్లే ఎవరి ఫోనో అది విని, ఆ చోటు ఎక్కడో నెట్‌వర్క్‌కు చెబుతుంది. ఐఫోన్లకు ఫైండ్ మై, ఆండ్రాయిడ్‌లకు గూగుల్ ఫైండ్ హబ్, ఆండ్రాయిడ్‌లలోనే శాంసంగ్ గెలాక్సీలకు అదనంగా స్మార్ట్‌థింగ్స్ ఫైండ్. ఎవరి గూడు వాళ్లదే. అందుకే వస్తువు ఎవరిదని కాదు, పోతే వెతికేది ఎవరని చూసి కొను.

ఇంటి తాళాలు నువ్వూ అత్తయ్యగారూ వాడతారు కదా, వాటికి ఫైండ్ హబ్ ట్యాగ్ తీసుకో. మోటో ట్యాగ్, జియోట్యాగ్ గో ఆ రకమే. నీ ఫోన్లో జత చేసి, అత్తయ్యగారి జీమెయిల్‌తో పంచుకో. శాంసంగ్ స్మార్ట్‌ట్యాగ్2 మంచిదే కానీ రెడ్‌మీలో పనిచేయదు. అట్ట మీద 'ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండిటికీ' అని ఉంటే మోసపోకు. ఒక సమయంలో ఏదో ఒకదానికే. మార్చాలంటే రీసెట్ చేసి మళ్లీ మొదటినుంచి జత చేయాలి. అల్లుడూ వెతకాల్సిన గుత్తి అయితే, రెండు రకాల ట్యాగులు తగిలించడమే దారి.

ప్రయాణాల సూట్‌కేసుకు మాత్రం అల్లుడి పేరు మీద ఆపిల్ వాళ్ల ట్యాగ్, అంటే ఎయిర్‌ట్యాగ్ పెట్టండి. 2023లో వచ్చిన ఐఓఎస్ 17 (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) నుంచి దాన్ని మరో 5 మందితో పంచుకోవచ్చు, కానీ వాళ్లూ ఐఫోన్ వాడేవాళ్లే అయ్యుండాలి. పెట్టె తప్పిపోతే ఐఓఎస్ 18.2 నుంచి దాని చోటు చూపే లింకు ఒకటి పంపే వీలుంది. అది నీ ఫోన్ బ్రౌజర్లోనూ తెరుచుకుంటుంది, 7 రోజుల్లో మురిగిపోతుంది.

చాలామంది వదిలేసే సెట్టింగ్ ఒకటుంది. ఫైండ్ హబ్ మామూలుగా జనం ఎక్కువున్న చోట్లే పనిచేసేలా ఉంటుంది, అంటే చాలా ఫోన్లు వింటేగానీ చోటు చూపదు. ఖాళీ వీధిలో తాళాలు పడితే అంతే సంగతులు. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో ఫైండ్ హబ్ తెరిచి, 'అన్ని ప్రాంతాల్లో' అనేది ఎంచుకో. ఇంట్లో ప్రతి ఆండ్రాయిడ్‌లోనూ ఈ పని చెయ్యి. బ్లూటూత్, లొకేషన్ ఆపొద్దు.

అల్లుడి ఎయిర్‌ట్యాగ్ ఉన్న సంచి నువ్వు పట్టుకెళితే, 'తెలియని ట్రాకర్ మీ వెంట వస్తోంది' అని నీ ఫోన్ హెచ్చరిస్తుంది. యజమానికి దూరంగా 8 నుంచి 24 గంటలు ఉంటే, కదిపినప్పుడు ట్యాగే కీచుమంటుంది. అది చెడిపోయిందని అత్తయ్యగారు బ్యాటరీ తీసేయకుండా ముందే చెప్పు. ఆ హెచ్చరికలను మాత్రం ఎప్పుడూ ఆపేయకు. మనది కాని ట్యాగ్ ఎవరైనా సంచిలో వేస్తే నిన్ను కాపాడేది అదే.

బ్యాటరీ సీఆర్2032 అనే బిళ్ల రకం, దాదాపు ఏడాది వస్తుంది. పిల్లలు మింగకుండా చేదు పూత పూసినవి కొన్ని ఎయిర్‌ట్యాగ్‌లో పనిచేయవు. పూత లేనివి తెచ్చుకుంటే చంటాడికి అందనివ్వకు. గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపల కాలుతుంది, క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ట్యాగ్ వచ్చిన రోజే పరీక్షించు. తాళాలు ఎవరిచేతైనా రైతుబజారుకు పంపి, గంట తర్వాత నీ ఫోన్లో చూడు. చోటు మారకపోతే సెట్టింగ్ సరిచూసి, మర్నాడు ఇంకోసారి పంపు. అప్పటికీ కదలకపోతే వాపసు గడువు దాటకముందే ఇచ్చెయ్.

మీ బాబాయి