మెల్‌బోర్న్‌లో కరెంటు కంపెనీ మారే ముందు: రోజువారీ ఛార్జీ చూడాలా, యూనిట్ రేటు చూడాలా?

మీరు హైదరాబాద్ నుంచి వచ్చి మూడు నెలలైందని, మొదటి కరెంటు బిల్లు చూసి టెన్షన్ పడ్డామని రాశారు. వాడకం ఛార్జీ పక్కనే ‘డైలీ సప్లై ఛార్జ్’ (వాడినా వాడకపోయినా రోజుకింత అని పడేది) అని ఇంకో పెద్ద అంకె ఉందని, అది తక్కువున్న కంపెనీకి మారాలా, యూనిట్ రేటు తక్కువున్న దానికి మారాలా అని అడిగారు. మారితే మధ్యలో కరెంటు పోతుందేమో అన్న భయం కూడా ఉందన్నారు. మేం ఈ ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. నాలుగుసార్లు కంపెనీ మారాం, అందులో రెండుసార్లు తప్పుగా మారాం. కాబట్టి నాకు తెలిసింది వివరంగా చెప్తాను.

ముందు మీ భయం తీరుస్తాను. కరెంటు ఒక్క నిమిషం కూడా పోదు. మనకు అక్కడ డిస్కం ఒక్కటే. తీగలు దానివే, బిల్లు దానిదే. ఇక్కడ ఆ రెండు పనులూ వేరు. స్తంభాలు, తీగలు, మీటరు చూసుకునేది డిస్ట్రిబ్యూటర్. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం మొత్తానికి అవి ఐదు: సిటీపవర్, పవర్‌కోర్, జెమెనా, ఆస్‌నెట్, యునైటెడ్ ఎనర్జీ. మీ ఇల్లు ఎక్కడుందో దాన్నిబట్టి వాటిలో ఒకటి మీకు వస్తుంది, దాన్ని మీరు మార్చలేరు. మీరు మార్చేది బిల్లు వేసే రిటైలర్‌ని మాత్రమే. అదే తీగ, అదే మీటరు, బిల్లు మీద పేరు మారుతుందంతే. స్మార్ట్ మీటర్ ఉంది కాబట్టి రీడింగ్‌కి కూడా ఎవరూ ఇంటికి రారు.

ఇక అసలు ప్రశ్న. ఏది తక్కువుండాలి అన్నదానికి అందరికీ సరిపోయే జవాబు లేదు. మీ ఇంట్లో రోజుకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది. బిల్లులో కేడబ్ల్యూహెచ్ అని ఉండేదే మన యూనిట్. చాలా బిల్లుల్లో రోజుకు సగటున ఎంత వాడారో చిన్న గ్రాఫ్ పక్కనే ఉంటుంది. లేకపోతే మొత్తం యూనిట్లను బిల్లులో ఉన్న రోజులతో భాగించండి.

లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రని అంకెలు తీసుకుంటాను. ఒక ప్లాన్‌లో రోజుకు 130 సెంట్లు, యూనిట్‌కు 23 సెంట్లు అనుకోండి. రెండోదాంట్లో రోజుకు 90 సెంట్లు, యూనిట్‌కు 28 సెంట్లు. రోజువారీ ఛార్జీలో తేడా 40 సెంట్లు, యూనిట్ రేటులో తేడా 5 సెంట్లు. 40ని 5తో భాగిస్తే 8. అంటే రోజుకు 8 యూనిట్ల దగ్గర రెండు ప్లాన్లూ సమానం. అంతకంటే తక్కువ వాడేవాళ్లకు రెండోది చవక, ఎక్కువ వాడేవాళ్లకు మొదటిది చవక. రోజుకు 5 యూనిట్లు వాడే ఇంటికి మొదటి ప్లాన్‌లో 245 సెంట్లు, రెండోదాంట్లో 230 సెంట్లు పడుతుంది. 18 యూనిట్లు వాడే ఇంటికి 544, 594. రోజుకు ఆ 50 సెంట్ల తేడానే ఏడాదికి 182 డాలర్ల పైమాట. ఏ రెండు ప్లాన్లు పక్కపక్కన పెట్టుకున్నా ఈ ఒక్క భాగహారం చేయండి చాలు.

మాకు ఈ భాగహారం తెలియక ముందు ఏం జరిగిందో చెప్తాను. వచ్చిన కొత్తలో మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఒక చిన్న ఇంట్లో అద్దెకు దిగాం. ఇద్దరమే. వంట, వేడినీళ్లు గ్యాస్ మీదే. రోజుకు 5 యూనిట్లు దాటేది కాదు. మా ఆయన ఆఫీసులో ఒకాయన ‘యూనిట్ రేటు మా కంపెనీలోనే తక్కువ’ అన్నారు, మేం అదే తీసుకున్నాం. వాళ్లింట్లో ఆరుగురు, మాకు అది తట్టలేదు. సంక్రాంతికి ఇండియా వెళ్లి ఆరు వారాలు ఉన్నాం. ఫ్రిజ్ ఖాళీ చేసి, తలుపు తెరిచి పెట్టి, అన్ని స్విచ్‌లూ కట్టేసి వెళ్లాం. తిరిగొచ్చాక వచ్చిన బిల్లు వంటింటి గట్టు మీద పెట్టుకుని చూస్తే, మేం లేని 42 రోజులకూ రోజువారీ ఛార్జీ పడింది. 54 డాలర్ల 60 సెంట్లు. ఒక్క దీపం కూడా వెలగని ఇంటికి అది. అప్పుడు కూర్చుని పాత బిల్లులన్నీ తీస్తే, మామూలు నెలల్లో కూడా మేం కట్టేదాంట్లో సగానికి పైగా ఆ ఛార్జీదేనని తేలింది. ఆ తర్వాత రోజువారీ ఛార్జీ తక్కువున్న ప్లాన్‌కి మారాం. అప్పటికి అదే సరైనది.

కానీ అదే ప్లాన్ మూడేళ్ల తర్వాత మాకు నష్టమైంది. ఇల్లు మారాం, పాప పుట్టింది, ఖమ్మం నుంచి అమ్మానాన్న వచ్చారు. అది జూన్ నెల, ఇక్కడ గట్టి చలికాలం. అమ్మకు స్లాబుల భయం ఎక్కువ. మన దగ్గర యూనిట్లు ఒక గీత దాటితే పై రేటు పడుతుంది కదా, ఆ అలవాటుతో గదిలోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ లైటు తీసేసేది. పాప గదిలో మాత్రం ప్లగ్‌కి పెట్టే ఆయిల్ హీటర్ రాత్రంతా ఉండేది. ఒకరోజు దాన్ని వెనక్కి తిప్పి చూశాను. కింద అతికించిన చీటీ మీద 2400 వాట్లు అని ఉంది. పూర్తి వేడి మీద గంటసేపు నడిస్తే దాదాపు రెండున్నర యూనిట్లు. 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అంత కాలాలంటే 240 గంటలు, అంటే పది రోజులు రాత్రీ పగలూ వెలగాలి. అమ్మకు ఇది చెప్తే చాలాసేపు ఆ చీటీనే చూస్తూ కూర్చుంది. ఆ చలికాలంలో మా వాడకం రోజుకు 18 యూనిట్లు దాటింది. అంత వాడే ఇంటికి యూనిట్ రేటు తక్కువుండాలి. మేమేమో పాత నమ్మకంతో రోజువారీ ఛార్జీ తక్కువున్న ప్లాన్‌లోనే ఉండిపోయాం. మీ ఇంట్లో మనుషులు పెరిగినా తగ్గినా, గ్యాస్ పొయ్యి తీసి కరెంటు పొయ్యి పెట్టినా లెక్క మళ్లీ మొదటినుంచీ చేయాలి. హీటింగ్ గురించి ఒక్క మాట: గోడకు ఉండే స్ప్లిట్ ఏసీ వేడిగాలి కూడా ఇస్తుంది, అంతే కరెంటుతో ప్లగ్ హీటర్ కంటే మూడింతల వేడి వస్తుంది. మీ ఇంట్లో ఉంటే అదే వాడండి.

ప్రకటనల్లో కనిపించే శాతాల గురించి తప్పకుండా చెప్పాలి. 2019 జులై 1 నుంచి ఇక్కడ ‘విక్టోరియన్ డిఫాల్ట్ ఆఫర్’ అని ఒక రేటు ఉంది. దాన్ని రాష్ట్ర నియంత్రణ సంస్థ ఎసెన్షియల్ సర్వీసెస్ కమిషన్ నిర్ణయిస్తుంది, కంపెనీలు కాదు. ‘దానికన్నా ఇంత శాతం తక్కువ’ అని కంపెనీలు చెప్పుకునేది దీంతో పోల్చే. ఆ పోలిక ఏడాదికి 4000 యూనిట్లు వాడే ఇంటిని ముందు పెట్టుకుని చేసింది. రోజుకు సుమారు 11 యూనిట్లన్నమాట. మీరు ఇద్దరే ఉండి రోజుకు 5 వాడుతుంటే ఆ శాతం మీకు వర్తించదు. పైన చెప్పిన రెండు ప్లాన్లే చూడండి. 11 యూనిట్ల దగ్గర మొదటిది 383 సెంట్లు, రెండోది 398. ప్రకటనలో మొదటిదే గెలుస్తుంది. మీ ఇంట్లో మాత్రం రెండోదే చవక.

నేను చేసిన ఇంకో తప్పు జీఎస్టీ దగ్గర. మా బిల్లులో యూనిట్ 25 సెంట్లని ఉంది. కొత్త కంపెనీ ప్లాన్ కాగితంలో 26న్నర ఉంది. మన పాతదే చవక కదా అని వదిలేశాను. ఏడాది తర్వాత గమనించాను, మా బిల్లులో అంకెలన్నీ జీఎస్టీ కలపకుండా వేసి, కింద చివర్లో 10 శాతం కలుపుతున్నారు. అంటే మేం కడుతున్నది 27న్నర. కొత్త ప్లాన్ కాగితంలోది జీఎస్టీతో కలిపిన ధర. ఆ ఒక్క గీత చదవక ఏడాదంతా ఎక్కువ కట్టాం. రోజువారీ ఛార్జీకి కూడా ఇదే వర్తిస్తుంది. రెండు కాగితాలూ జీఎస్టీతోనో, రెండూ జీఎస్టీ లేకుండానో ఉన్నాయని చూసుకున్నాకే పోల్చండి.

సమయాన్నిబట్టి యూనిట్ ధర మారే ‘టైమ్ ఆఫ్ యూజ్’ ప్లాన్ల జోలికి వెళ్లేముందు మన ఇళ్ల తీరు గుర్తుపెట్టుకోండి. విక్టోరియాలో ఇళ్లకు పీక్ సమయం మామూలుగా మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 దాకా, శని ఆదివారాలు కూడా కలిపి. ఆ సమయంలో యూనిట్ ధర ఎక్కువ, మిగతా 18 గంటలూ తక్కువ. పిల్లలు స్కూలు నుంచి రావడం, రైస్ కుక్కర్, రొట్టెల పెనం, హీటర్, స్నానాలు అన్నీ మనకు ఆ ఆరు గంటల్లోనే. పీక్ 36 సెంట్లు, మిగతా సమయం 20 సెంట్లు అనుకుంటే, మీ వాడకంలో సగం పీక్‌లో పడితే సగటున 28 సెంట్లు పడుతుంది. రోజంతా ఒకే రేటుండే ప్లాన్ 28 కంటే తక్కువకు దొరుకుతుంటే ఇది దండగ. మా అక్క వాళ్లకు మాత్రం ఇదే కలిసొచ్చింది. ఇద్దరూ రాత్రి షిఫ్టు, బట్టలు గిన్నెలు రాత్రి 9 తర్వాతే మెషీన్లో వేస్తారు. ఎవరి మాటా వినక్కర్లేదు, మీ మీటరే చెప్తుంది. డిస్ట్రిబ్యూటర్ సైట్‌లో అకౌంట్ తెరిస్తే అరగంటకోసారి మీరు ఎంత వాడారో ఫైలు వస్తుంది. దానికి మీటరు గుర్తింపు సంఖ్య కావాలి, బిల్లులో ‘ఎన్‌ఎంఐ’ అని ఉంటుంది.

ఆ ఫైలు చేతిలో ఉంటే ‘విక్టోరియన్ ఎనర్జీ కంపేర్’ అనే సైట్‌కి వెళ్లండి. అది రాష్ట్ర ప్రభుత్వానిది, ఉచితం, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోదు. మీ వాడకం ప్రకారం ఏడాదికి ఎంతవుతుందో వరసగా చూపిస్తుంది. సిడ్నీ, బ్రిస్బేన్, అడిలైడ్ వైపు ఉన్నవాళ్లకు దీనికి బదులు కేంద్రం వారి ‘ఎనర్జీ మేడ్ ఈజీ’ ఉంది. ఫోన్ చేసి ‘మేం పోల్చి పెడతాం’ అనేవాళ్ల దగ్గర తొందరపడి సరే అనొద్దు. వాళ్ల జాబితాలో వాళ్లతో ఒప్పందమున్న కంపెనీలే ఉండొచ్చు.

మారే ముందు మీ బిల్లు మొదటి పేజీ కూడా చూడండి. మీకు ఇప్పుడున్న కంపెనీలోనే ఇంకా చవక ప్లాన్ ఉంటే అది బిల్లు మీద రాయాలన్న నిబంధన ఉంది. మాకు ఒకసారి ఆ గీత చూసి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది, కంపెనీ మారాల్సిన అవసరమే రాలేదు. ఇంకో సంగతి, చాలా ప్లాన్లలో చవక రేటు 12 నెలలకే. అది అయిపోయే ముందు కంపెనీ నుంచి ఉత్తరమో మెయిలో వస్తుంది. ప్రకటనేమో అనుకుని నేను దాన్ని తెరవకుండా తీసేశాను, మరుసటి నెల నుంచి రేటు పెరిగింది. ఫోన్లో ఆ తేదీకి పది రోజుల ముందు గుర్తుచేసేలా పెట్టుకోండి. చేరగానే ఇచ్చే 50, 100 డాలర్ల క్రెడిట్ ఒక్కసారే వస్తుంది, దాన్ని పక్కనపెట్టి రేట్లు పోల్చండి.

మీది అపార్ట్‌మెంట్ అయితే ఇదంతా చేసేముందు ఒకటి కనుక్కోండి. కొన్ని భవనాల్లో యాజమాన్యమే కరెంటు టోకున కొని ఫ్లాట్లకు అమ్ముతుంది, ‘ఎంబెడెడ్ నెట్‌వర్క్’ అంటారు. అలాంటిచోట కంపెనీ మారడం కష్టం. ప్రభుత్వం ఇచ్చే హెల్త్ కేర్ కార్డో, పెన్షన్ కార్డో ఉన్నవాళ్లకు విక్టోరియాలో కరెంటు మీద 17.5 శాతం రాయితీ ఉంది. కంపెనీ మారినప్పుడు ఆ కార్డు నంబరు కొత్తవాళ్లకు మళ్లీ ఇవ్వాలి. గ్యాస్‌కు వేరే రోజువారీ ఛార్జీ ఉంటుంది, దాన్ని విడిగా ఇదే పద్ధతిలో లెక్కేయండి.

కొత్త ప్లాన్‌కి ఒప్పుకున్నాక కూడా మనసు మార్చుకోవడానికి 10 పనిదినాల గడువుంటుంది. ఆలోపు వద్దంటే జరిమానా లేదు. పాత కంపెనీ నుంచి ఆఖరి బిల్లు ఒకటి వస్తుంది, డైరెక్ట్ డెబిట్ పెట్టి ఉంటే అది తీసుకునేదాకా ఆ ఖాతాలో డబ్బు ఉంచండి. బిల్లులో ఏదైనా తేడా వచ్చి కంపెనీ వినకపోతే రాష్ట్రంలో ఎనర్జీ అండ్ వాటర్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫిర్యాదుకు ఫీజు లేదు.

మీ బిల్లు తీసి రోజుకు ఎన్ని యూనిట్లో, వంట, వేడినీళ్లు గ్యాస్ మీదో కరెంటు మీదో ఇక్కడే రాయండి. మీరు చూస్తున్న రెండు ప్లాన్ల రేట్లు కూడా జీఎస్టీతో కలిపి పెడితే లెక్క కట్టి చెప్తాను.